రామగుండం పొగ చల్లబరుస్తుందా, వేడి పుట్టిస్తుందా?

ఏప్రిల్‌లో ఓరుగల్లు ఆకాశం నీలంగా ఉండదు. మబ్బు తునకైనా ఉండదు, అయినా నెత్తిమీద ఆకాశం సున్నం కలిపిన నీళ్లలా తెల్లబారి ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికే దూరపు గుట్టల అంచులు మసకేస్తాయి. సాయంత్రం పొద్దు పూర్తిగా గూకకముందే ఎర్రటి బిళ్లలా మారి, ఆ మసకలోనే కరిగిపోతుంది. ‘ఎండ వేడికి అట్లా కనిపిస్తది’ అని చాలామంది అంటుంటారు. కానీ వేడి ఆకాశాన్ని తెల్లబరచదు. ఆ పని చేసేవి గాలిలో తేలాడే సన్నటి కణాలు. పొగ, మసి, దుబ్బ, బూడిద, ఉప్పు, సల్ఫేట్, నైట్రేట్ అన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు ఏరోసాల్స్ అంటారు.

ఇవి వాతావరణాన్ని చల్లబరుస్తాయా, వేడెక్కిస్తాయా అని అడిగితే రెండు జవాబులూ వినిపిస్తాయి, రెండూ నిజమే. చిక్కు ప్రశ్నలోనే ఉంది. ‘ధూళి’ అనే మాటతో అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. కణం రంగేమిటి, సైజెంత, ఎంత ఎత్తులో తేలుతోంది, దాని కింద ఉన్నది ఎర్ర చెల్కనా తెల్లటి మబ్బా, ఈ నాలుగూ తెలిస్తే తప్ప జవాబు చెప్పలేం. ఉత్తర తెలంగాణలో ఈ నాలుగు రకాల కేసులూ ఒక్క జిల్లా దాటకుండానే దొరుకుతాయి.

ఒక టన్ను బొగ్గు వెంట

సింగరేణి గని నుంచి ఒక టన్ను బొగ్గు రామగుండం బాయిలర్‌లో పడిందనుకుందాం. మన బొగ్గులో బూడిద ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. గంధకం తక్కువ, అర శాతం దరిదాపు. బూడిదలో కొంత బాయిలర్ అడుగున పడిపోతుంది. మిగతాది పొగతో పాటు ఎగిరి, చిమ్నీకి ముందు బూడిదను పట్టే ఈఎస్‌పీ యంత్రం పలకలకు కరెంటు ఆకర్షణతో అతుక్కుంటుంది. పలకలు సరిగా పనిచేస్తే 99 శాతానికి పైగా అక్కడే ఆగుతుంది. జనం కంటికి కనిపించి గొడవ చేసేది ఈ బూడిద గురించే, అది న్యాయమే. వాతావరణ లెక్కలో మాత్రం అసలు పాత్రధారి కంటికి కనిపించని గంధకం.

టన్నులో అర శాతం అంటే 5 కిలోల గంధకం. అది కాలితే 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, ఎందుకంటే గంధకానికి దాని బరువంత ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి లోడుతో రోజంతా నడిస్తే ఇంచుమించు ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు తింటుంది. అంటే రోజుకు 70, 80 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. రామగుండం పాత ఎన్టీపీసీ ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు 1,600, జైపూర్‌లో సింగరేణి ప్లాంటు 1,200, చెల్పూరులో కాకతీయ థర్మల్ 1,100. గోదావరి చుట్టుపక్కల ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని చిమ్నీలు లేస్తే, వాటి పొగ ఏదో ఒక ఊరి సమస్యగా మిగలదు. అసలు ఎత్తు చిమ్నీల ఉద్దేశమే అది. 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ కట్టాలన్న పాత నియమం గంధకాన్ని తగ్గించడానికి పెట్టింది కాదు, దూరం పంపించడానికి పెట్టింది.

చిమ్నీ దాటినప్పుడు అది వాయువు, కణం కాదు. గాలిలో ఒకటి రెండు రోజులు తిరిగేలోపు, కొంత ఎండ పుట్టించే రసాయన చర్యలతో, ఎక్కువ భాగం మబ్బు చుక్కల్లో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. పొలాల్లో చల్లిన యూరియా నుంచి, పశువుల పెంట నుంచి లేచే అమ్మోనియా దానికి తోడవుతుంది. చివరికి మిగిలేది అమ్మోనియం సల్ఫేట్. ఎరువుల దుకాణంలో బస్తాల్లో అమ్మే ఉప్పే, పరిమాణం మాత్రం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగమో పావో. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది, పోల్చి చూసుకోండి.

ఆ సైజే కీలకం. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. దాదాపు అదే కొలతలో ఉన్న కణం వెలుగును చెదరగొట్టినంత బాగా ఇంకేదీ చెదరగొట్టలేదు. 5 మైక్రాన్ల బూడిద గుండు ఒకదాన్ని అర మైక్రాన్ ముక్కలు చేస్తే వెయ్యి ముక్కలవుతాయి, వాటి మొత్తం ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది. బరువు మారలేదు, ఎండకు అడ్డం పడే శక్తి మారింది. పైగా సల్ఫేట్ నీటిని పీలుస్తుంది. గాలిలో తేమ 85, 90 శాతానికి చేరితే కణం వ్యాసం రెట్టింపు దాకా ఉబ్బుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో కాజీపేట వైపు పట్టాల మీద పొగమంచు అంత దట్టంగా ఉండటానికి చలితో పాటు ఈ ఉబ్బు కూడా ఒక కారణం.

సల్ఫేట్ ఎండను పీల్చుకోదు, చెదరగొడుతుంది అంతే. చెదిరిన వెలుగులో ఎక్కువ భాగం ముందుకే వస్తుంది. అందుకే నీడలు పలచబడతాయి కానీ చీకటి పడదు. కొంత వెనక్కి, ఆకాశంలోకి తిరిగి పోతుంది. అంతమేరకు భూమికి వేడి తగ్గినట్టే. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి, కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను మబ్బులకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలోకి చిమ్మితే, మరుసటి ఏడాది ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా పడిపోయింది. అంత ఎత్తులో వాన లేదు, కడిగేవాళ్లు లేరు, కాబట్టి ఒకటి రెండేళ్లు అక్కడే తిరిగింది. రామగుండం సల్ఫేట్‌కు అంత ఆయుష్షు లేదు. మహా అయితే వారం, ఓ గట్టి వాన పడితే ఆ రోజే సరి.

మసి లెక్క వేరు

ఇప్పుడు వరి కోతల తర్వాత పొలంలోకి పోదాం. వానాకాలం పంట నవంబరులో, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో. హార్వెస్టర్ జానెడుకు పైన కోసి వెళ్తుంది, గడ్డి వరుసలుగా పడుతుంది, కింద కొయ్యలు నిలబడి ఉంటాయి. ఎకరాకు 25 క్వింటాళ్ల ధాన్యం వస్తే అంతకు తగ్గకుండా గడ్డీ వస్తుంది. నిప్పు పెట్టి అందులో 2 టన్నులు కాల్చారనుకుంటే, 20 కిలోల దాకా సన్న కణాలు లేస్తాయి, వాటిలో అచ్చమైన నల్ల మసి కిలో అటూఇటు.

ఆ పొగ రంగు చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. ఎండిన గడ్డి మంట లేచి కాలితే నల్లటి మసి ఎక్కువ. కింద తడి ఉండి మంట లేకుండా రాజుకుంటే తెల్లటి, పసుపు కలిసిన చిక్కటి పొగ. అందులో మసి తక్కువే కానీ సగం కాలిన సేంద్రియ పదార్థం చాలా ఎక్కువ, ఊపిరితిత్తులకు అదే చేటు. తెల్లపొగ కదా, ఏం కాదులే అనుకోవడం పొరపాటు.

మసి సల్ఫేట్‌లా వెలుగును తిప్పి పంపదు, మింగుతుంది. మింగిన వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇస్తుంది. కాబట్టి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి వేడెక్కుతుంది, కింద నేలకు ఎండ తగ్గి చల్లబడుతుంది. పైన వేడి, కింద చల్లన అయితే గాలి కిందినుంచి పైకి లేవదు. లేవకపోతే పొగ చెదరదు. చెదరని పొగ ఇంకా ఎండను మింగుతుంది. చలికాలం సాయంత్రం ఊరిమీద పొగ ఒక గీత గీసినట్టు ఆగిపోవడం చూసే ఉంటారు, ఆ గీతకు పైన ఉన్నది ఈ వెచ్చటి పొర. మసి ఆ గీతను ఇంకాస్త గట్టిపరుస్తుంది.

కింద ఏముందన్న ప్రశ్న ఇక్కడే తేలుతుంది. కాస్త మసి కలిసిన సన్నటి తెల్ల మసక ఎర్ర చెల్క మీద తేలితే, నేల కంటే అది తెల్లగా ఉంది కాబట్టి ఆకాశం నుంచి చూస్తే భూమి వెలుగు పెరిగినట్టు, అంటే చల్లబరిచినట్టు. అదే మసక తెల్లటి మబ్బు పైన తేలితే, మబ్బు వెనక్కి పంపాల్సిన వెలుగును మధ్యలో తానే మింగుతుంది, అంటే వేడెక్కించినట్టు. కణం అదే, లెక్క తలకిందులైంది. నిజానికి మసీ సల్ఫేటూ విడివిడిగా ఎక్కువ సేపు ఉండవు. రెండు మూడు రోజుల్లో మసి గింజకు సల్ఫేట్ పూత పడుతుంది, ఆ పూత వెలుగును లోపలికి వంచి మసి ఇంకా ఎక్కువ మింగేలా చేస్తుంది. ‘తెల్లదీ నల్లదీ కలిస్తే సగం సగం’ అనుకునే వాళ్ల లెక్క తప్పేది ఇక్కడే.

ఫిబ్రవరి నుంచి మే దాకా ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్ అడవుల్లో కాలే ఆకు పొగ కూడా దీనికే చేరుతుంది. ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం, తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెట్టడం కొత్తవేం కాదు. ఆ తర్వాత మే, జూన్ నెలల్లో పడమటి గాలులతో రాజస్థాన్, అరేబియా ఎడారుల దుమ్ము కూడా వచ్చి కలుస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి గంగా మైదానం పొగను బంగాళాఖాతం మీదుగా తిప్పి తెస్తుంది. అంటే ఓరుగల్లు మసకలో ఓరుగల్లుది కొంతే.

మబ్బులోకి పోయాక

అసలు పెద్ద సంగతి ఇది. గాలిలో ఆవిరి ఉన్నంత మాత్రాన మబ్బు చుక్క పుట్టదు. ఒక్క కణం కూడా లేని గాలిలో చుక్క కట్టాలంటే తేమ వంద శాతం కాదు, కొన్ని వందల శాతానికి చేరాలి, అది ప్రకృతిలో జరగదు. సల్ఫేట్ గింజో ఉప్పు గింజో విత్తనంగా దొరికితే వంద శాతం కాస్త దాటగానే చుక్క పడుతుంది. ప్రతి మబ్బు చుక్కలోనూ ఒక విత్తనం ఉంటుంది. శుభ్రమైన సముద్రపు గాలిలో ఘనపు సెంటీమీటరుకు వంద లోపే ఇలాంటి విత్తనాలు. మన మైదానాల పొగ గాలిలో వేయి, అంతకు పైన.

విత్తనాలు ఎనిమిది రెట్లు పెరిగాయి, నీరు అంతే ఉంది. అప్పుడు ఒక్కో చుక్కకు వచ్చే నీరు ఎనిమిదో వంతు, దాని అర్ధవ్యాసం సగం. ఒక్కో చుక్క ఉపరితలం నాలుగో వంతుకు పడిపోతుంది, కానీ చుక్కలు ఎనిమిది రెట్లు ఉన్నాయి కాబట్టి మొత్తం ఉపరితలం రెట్టింపు. మబ్బు మరింత తెల్లబడి ఎండను ఎక్కువగా తిప్పికొడుతుంది. 1970లలో షాన్ టూమీ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే. సముద్రం మీద ఓడలు పోయిన దారంతా మబ్బులో తెల్లటి చారలు పడటం ఉపగ్రహ చిత్రాల్లో నేరుగా కనిపిస్తుంది. 2020 జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించాక ఆ చారలు బాగా తగ్గాయి.

రెండో దెబ్బ వాన మీద. ఒక మామూలు వాన చుక్కకు దాదాపు పది లక్షల మబ్బు చుక్కలు కలవాలి. అవి ఒకదాన్నొకటి గుద్దుకుని కలవాలంటే కొన్నైనా పెద్దవి కావాలి. అర్ధవ్యాసం 14 మైక్రాన్ల దగ్గరికి వస్తే తప్ప ఆ కలయిక జోరందుకోదు. అన్నీ సమానంగా చిన్నవైతే గాలితో పాటు తేలిపోతాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009 నుంచి విమానాలతో మన మబ్బుల్లోకి దూరి కొలిచిన లెక్క ఇదే చెబుతుంది: కణాలు ఎంత ఎక్కువైతే, వాన మొదలవడానికి మబ్బు అంత ఎత్తు ఎదగాల్సి వస్తుంది. ఎదగలేని చిన్న మొగులు కురవకుండానే చెదిరిపోతుంది. ఎదిగినది, ఐదు కిలోమీటర్ల దగ్గరున్న గడ్డకట్టే గీతను దాటి, ఆలస్యంగా, ఒక్కసారిగా గుమ్మరిస్తుందని కొందరంటారు. ఈ రెండో సగం మీద శాస్త్రవేత్తల్లోనే వాదన నడుస్తోంది, కాబట్టి వడగళ్ల వాన పడగానే పొగను నిందించడం తొందరపాటు.

ఉమ్మడి రాష్ట్రంలో మేఘమథనం పేరు విన్నవాళ్లకు ఇక్కడ సందేహం రావాలి. కణాలు చల్లితే వాన పడుతుందన్నారు కదా? వాళ్లు చల్లింది వేరే సైజు. వెచ్చటి మబ్బు కింద పెద్ద ఉప్పు గింజలు తక్కువ సంఖ్యలో వదిలితే, అవి ముందే పెద్ద చుక్కలై చిన్నవాటిని ఊడ్చుకుంటాయి. చిమ్నీ వదిలేది అతి సన్నవి, లెక్కలేనన్ని. సూత్రం ఒకటే, ఫలితం ఎదురు.

దాచిపెట్టిన డిగ్రీలు

ఐక్య రాజ్య సమితి వాతావరణ నిపుణుల కమిటీ ఐపీసీసీ 2021 నివేదిక లెక్కలో, 1750 నుంచి పెరిగిన కార్బన్ డయాక్సైడ్ భూమికి చదరపు మీటరుకు 2.16 వాట్ల వేడి జోడిస్తే, ఏరోసాల్స్ 1.1 వాట్ల మేర తగ్గించాయి. ఆ తగ్గింపులో నాలుగింట మూడు వంతులకు పైనే మబ్బుల ద్వారా జరిగింది. కార్బన్ డయాక్సైడ్ అంకె మీద అనుమానం చాలా తక్కువ. ఏరోసాల్స్ అంకె మాత్రం 0.4 నుంచి 1.7 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వాతావరణాన్ని వేడెక్కించే, చల్లబరిచే మానవ కారణాల లెక్కలో ఇంత వదులుగా ఉన్న పెద్ద అంకె ఇదే. డిగ్రీల్లో చెప్పాలంటే, గ్రీన్‌హౌస్ వాయువులు 1 నుంచి 2 డిగ్రీలు పెంచాయి, ఏరోసాల్స్ ప్రధానంగా ఉన్న ఇతర మానవ కారణాలు 0.8 దాకా తగ్గించి ఉండొచ్చు, మనకు కనిపించింది 1.1 దగ్గర.

మన దేశంలో ఈ ముసుగు ఇంకా దళసరి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 అంచనా ప్రకారం 1901 నుంచి 2018 దాకా దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలే పెరిగింది. ప్రపంచంలో నేల భాగాలు పెరిగినదానికంటే ఇది తక్కువ. అదే నివేదిక 1951 నుంచి 2015 మధ్య జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వానలు 6 శాతం తగ్గాయని, అందులో ఏరోసాల్స్ చేయి గణనీయమని చెప్పింది. నేల చల్లబడితే నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడా తగ్గుతుంది, నైరుతి గాలిని లాగేది ఆ తేడాయే. సముద్రం మీద ఎండ తగ్గితే ఆవిరీ తగ్గుతుంది. పొగ ఇచ్చిన చల్లదనానికి వానతో బాకీ కట్టామన్నమాట.

ఇంకో తేడా మన మేడమీద పడుకునేవాళ్లకు తెలుస్తుంది. ఎండను అడ్డుకునే కణం పగలే పనిచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. కాబట్టి పొగ కమ్మిన చోట పగటి గరిష్ఠం కాస్త అణిగినా రాత్రి కనిష్ఠం పెరుగుతూనే పోతుంది.

చిమ్నీలకు సున్నపురాయి ముద్దతో గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో నియమం వచ్చింది. గడువులు మళ్లీ మళ్లీ జరిగి, 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు ఆ తప్పనిసరి ఎత్తేశారు. ఎలాగూ గంధకం చల్లబరుస్తోంది కదా అన్న వాదన అప్పుడు మళ్లీ వినిపించింది. అది చెల్లని వాదన. సల్ఫేట్ వారంలో రాలిపోతుంది, అదే చిమ్నీ వదిలిన కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు ఉంటుంది. వారానికోసారి కొత్తగా గొడుగు కొంటే తప్ప నిలవని నీడ అది, ఆ గొడుగు కర్ర మన ఊపిరితిత్తుల్లో దిగి ఉంది. చైనా 2007 తర్వాత పదేళ్లలో తన గంధకాన్ని నాలుగింట మూడు వంతులు తగ్గించుకుంది, ముసుగు తొలగితే వచ్చే వేడిని అక్కడ ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నారు.

ఫోన్‌లో కనిపించే అంకెతో జాగ్రత్త

జనవరిలో పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న కణాలు) కొలిచే మీటర్ ఎర్రబడుతుంది, ఏప్రిల్‌లో పచ్చగా ఉంటుంది, ఆకాశం చూస్తే ఏప్రిలే తెల్లగా ఉంటుంది. రెండూ అబద్ధం కాదు. చలికాలం రాత్రి పొగ కలిసే పొర రెండు మూడు వందల మీటర్లే, ఉన్నదంతా ముక్కు ఎత్తులో నిలుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ పొర రెండు మూడు కిలోమీటర్లకు ఉబ్బుతుంది. నేల దగ్గర పలచన, మొత్తం నిలువు లెక్కలో చిక్కన. వాతావరణానికి పట్టింది రెండోది. దాన్ని ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అంటారు. అది 0.1 అయితే నిట్టనిలువుగా వచ్చే ఎండ కిరణం పదో వంతు నష్టపోతుంది, 0.5 అయితే దాదాపు 40 శాతం.

ఇంటి గోడకు పెట్టే చవక లేజర్ మీటర్లకు ఒక జబ్బుంది. అవి కణాన్ని తూచవు, వెలుగు చెదరడాన్ని లెక్కపెడతాయి. తేమ 80, 85 శాతం దాటిన తెల్లవారుజామున నీటితో ఉబ్బిన కణాన్ని పెద్ద కణమని చదువుతాయి. అసలైన పద్ధతి ఫిల్టర్ తూచడం. నిమిషానికి 16.7 లీటర్ల గాలి రోజంతా లాగితే 24 ఘనపు మీటర్లు. మన రోజు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు కాబట్టి, పరిమితి అంచున ఉన్న రోజు ఫిల్టర్ మీద పడేది ఒకటిన్నర మిల్లీగ్రాములు కూడా ఉండదు. వేలిముద్ర పడితే చాలు లెక్క తప్పుతుంది. అందుకే తూచేముందు ఫిల్టర్‌ను ఒకే తేమ, ఒకే వేడి ఉన్న గదిలో రోజంతా ఉంచుతారు.

ముందు దేన్ని ఆపాలి

మసిని ఆపితే ఆరోగ్యం, వాతావరణం రెండూ లాభపడతాయి, చల్లదనం పోతుందన్న బెంగ లేదు. కాబట్టి మొదటి వరుసలో ఉండాల్సింది కొయ్యలు, ఇటుక బట్టీలు, పాత డీజిల్ ఇంజన్లు. పంజాబ్ రైతుకు వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాలే. ఇక్కడ యాసంగి కోత తర్వాత వానాకాలం నాట్లకు నెలకు పైగా సమయం ఉంటుంది. నిప్పు పెట్టడానికి కారణం తొందర కాదు, గడ్డిని కట్టలు కట్టే బేలర్ కిరాయి, కూలీ.

వ్యవసాయాధికారులు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కొయ్యలను దమ్ములో కలిపేయమంటారు. అది కాల్చడం కంటే మేలే, కానీ అందులో ఒక మెలిక ఉంది. పచ్చి గడ్డిని నాటుకు ముందు వారమే నీళ్లలో తొక్కేస్తే గాలి అందక కుళ్లి మీథేన్ వదులుతుంది, పైరు కూడా మొదట్లో పసుపెక్కుతుంది. అదే గడ్డిని తొలి తడికి, నీళ్లు నిలబెట్టక ముందు నెల రోజులు ఉండగా రోటవేటర్‌తో పొడి దుక్కిలో కలిపితే గాలి తగిలి కుళ్లుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది. మే చివరి వారంలో ఒక వాన పడిన మరుసటి రోజు ఆ పనికి సరైన అదను.